ఇరవై ఆరు కండువాలు

మొన్న చైత్రంలో బజారు నుంచి వస్తూ బస్టాండు ఎదుట చలివేంద్రం దగ్గర ఆగాను. షామియానా కింద ఆరు కుండలు. వాటి వెనక ఒక నాయకుడి బొమ్మ, ఆరు కుండలకన్నా పెద్దది. మజ్జిగ పోస్తున్న నలుగురు కుర్రాళ్ళ మెడల్లో ఒకే రంగు కండువాలు. నేను నీడన నిలబడిన పావుగంటలో ముప్పై ఒక్కమంది తాగారు. ఇద్దరు తాగలేదు. ఆ ఇద్దరిలో ఒకడు మూట కిందికి దించి, కుండల వైపు చూసి, కండువాల వైపు చూసి, మూట మళ్ళీ ఎత్తుకున్నాడు. పెదవులు తోలు లేచి ఉన్నాయి.

"ఏం నాయనా, తాగవా?" అన్నాను.

"మనది వేరే పార్టీలే అవ్వా. తాగితే మావోళ్ళు చూస్తారు," అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే కంపౌండరు చిన్నాయన గుర్తొచ్చాడు. ఆయన ఉంటే ఇట్లా అడిగేవాడు: "ముప్పై ఒక్కమంది తాగినారు, సరే పాపా. ఆ ఇద్దరి సంగతేంది?"

ఆయనకు పేరు ఉంది. రాయను. మార్కాపురం ఆస్పత్రిలో కంపౌండరు కనుక ఊరంతా కంపౌండరు అనేది. మా పక్కింట్లో ఉండేవాడు కనుక నాకు చిన్నాయన అయ్యాడు. రక్తసంబంధం లేదు. తేదీలు రాసిపెట్టుకునే అలవాటు నాకు పదో ఏటి నుంచీ ఉంది. ఇప్పుడు చెప్పబోయే సంగతుల తిథివారాలన్నీ నా దగ్గర ఉన్నాయి. సంవత్సరం మాత్రం చెప్పను. మద్రాసు నుంచి మనల్ని ఏలుతున్న రోజులు, రెండో యుద్ధం ఇంకా రాలేదు, అంతవరకు చాలు. సంవత్సరం చెబితే ఎవరి ఎన్నికో తెలుస్తుంది, ఎవరి ఎన్నికో తెలిస్తే ఎవరిది తప్పో వెతుకుతారు. ఆయనకు అది ఇష్టం ఉండేది కాదు.

సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. ఒంటి నుంచి ఎప్పుడూ కార్బాలిక్ సబ్బు వాసన. ఆ రోజుల్లో ఆస్పత్రి మందు సీసాకు మోతాదు తెలియడానికి కాగితం పట్టీ అంటించేవాళ్ళు. పట్టీ అంచున గంట్లు కత్తిరించి ఉంటాయి, పూటకు ఒక గంటు వరకు తాగాలి. ఆయన చొక్కా జేబులో కత్తెర, కాగితం పట్టీలు ఎప్పుడూ ఉండేవి. మాటలు కూడా మోతాదు ప్రకారమే. ఎవరైనా ఎక్కువ కోపపడితే, "ఒక గంటు చాలు, మిగతాది సాయంత్రానికి పెట్టుకో," అనేవాడు.

ఇంకో అలవాటు. ఆస్పత్రి వరండాలో కూర్చుని ఎవడైనా ఫలానా రోగి ఫలానా వర్గంవాడని చెప్పడం మొదలుపెడితే, ఆయన మారుమాట లేకుండా థర్మామీటరు విదిలించి వాడి నోట్లో పెట్టేవాడు. రెండు నిమిషాలు వాడు నోరు తెరవడానికి లేదు. ఆలోగా రోగికి కట్టు కట్టేసేవాడు. తర్వాత థర్మామీటరు తీసి వెలుగులో చూసి, "జ్వరం లేదులే. మరి ఎందుకబ్బా ఈ పలవరింత?" అనేవాడు. ఒకసారి కరణంగారికి కూడా పెట్టాడు. ఆయన కోపంతో నోట్లో గొట్టంతోనే లేచి వెళ్ళబోతే, "నడిస్తే పాదరసం దిగుతుంది సామీ," అని కూర్చోబెట్టాడు.

ఈయనే మా ఊళ్ళో యువజన సేవాసంఘం పెట్టాడు. బడి వదిలిన కుర్రాళ్ళు, పలకల గనిలో పనిచేసే పడుచువాళ్ళు కలిసి ఇరవై ఆరుగురు. మాఘమాసంలో శివరాత్రికి జనం దోర్నాల మీదుగా అడవిదారిన శ్రీశైలం నడిచి వెళ్ళేవాళ్ళు. దోర్నాల దగ్గర నీళ్ళు పోయడం, కాళ్ళు పుండ్లుపడినవాళ్ళకు కట్లు కట్టడం, వెనకబడిన ముసలివాళ్ళను మోయడం సంఘం పని. మేం ఆడపిల్లలం ఐదుగురం పాతచీరలు చింపి కట్లగుడ్డలు చుట్టేవాళ్ళం, కండువాలు ఉతికేవాళ్ళం. జనంలో గుర్తు దొరకడానికి ఒక్కొక్కరికి ఒక కండువా. పసుపులో ముంచి ఆరేసినవి. పసుపు ప్రతి ఇంట్లో ఉంటుంది కనుక ఆ రంగు, అంతకుమించి కారణం లేదు.

ఆ రోజుల్లో చలివేంద్రంలో కూడా ఎవరికి దగ్గరగా పోయాలి, ఎవరికి దూరంగా ఎత్తి పోయాలి అని లెక్క ఉండేది. ఆయన ఒక్క కుండ, ఒక్క చెంబు పెట్టించాడు. అందుకు ముగ్గురు తండ్రులు తమ పిల్లల్ని మాన్పించారు. ఇరవై తొమ్మిది మంది ఇరవై ఆరుగురు అయింది అప్పుడే. ఆయన వాళ్ళ గురించి ఒక్కమాట అనలేదు. మిగిలిన మూడు కండువాలను కట్లగుడ్డలుగా చింపమన్నాడు.

నేను చెప్పే ఏట జిల్లాబోర్డు ఎన్నికలు వచ్చాయి. అప్పుడు గుర్తులు లేవు, రంగులే. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క రంగు పెట్టె. చదువు రానివాళ్ళు కాగితం తీసుకుపోయి తమకు కావలసిన రంగు పెట్టెలో వేసి రావాలి. మా వైపు నిలబడింది ఇద్దరు. ఒకరు దోర్నాల దారిలో పెద్ద భూస్వామి. ఆయనకు పసుపు పెట్టె వచ్చింది. రెండోవారు అర్ధవీడు వైపు పల్లెలో ఉండే మోతుబరి రైతు. ఆయనకు ఎర్ర పెట్టె. ఈ ఎర్ర పెట్టె ఆయన మా చిన్నాయనకు స్వయానా బావ, అక్క మొగుడు.

పెట్టెల రంగులు తెలిసిన సాయంత్రమే చిన్నాయన సంఘం గదిలో అందరినీ కూర్చోబెట్టాడు. మేం ఆడపిల్లలం గడప దగ్గర కట్లగుడ్డలు చుడుతున్నాం.

"కండువాలు విప్పి ఇక్కడ పెట్టండి," అన్నాడు.

పలకల గనిలో పనిచేసే పొడుగాటి కుర్రాడొకడు, అందరం పొడుగన్న అనేవాళ్ళం, లేచాడు. "పసుపు మనది చిన్నాయనా. మూడేండ్ల నుంచి కట్టుకుంటున్నాం. ఆయప్పకు నిన్న ఇచ్చినారు. మనమెందుకు ఇడిసేది?"

"ఎవరిది ముందు అని నీళ్ళు తాగేవాడు అడగడురా. వాడికి అనుమానం వస్తే చాలు, చెంబు కింద పెట్టేస్తాడు."

"సరే, రంగు మార్చుదాం. మరి మేం ఓటు వేయకూడదా?"

"ఓటు ఉన్నవాడు వేయండి. ఊరేగింపులో పోతానంటే పోండి, అరవండి. ఓటు మీది. కండువా సంఘానిది. దాన్ని మాత్రం ఇంట్లో పెట్టి పోండి."

పొడుగన్న కూర్చోలేదు. "ఇద్దరిలో ఒకడు మంచోడు, ఒకడు చెడ్డోడు అని మనకు తెలిస్తే? అప్పుడు కూడా ఇట్లనే నోరు మూసుకోవాల్నా?"

చిన్నాయన జేబులో థర్మామీటరు తడుముకోవడం నేను చూశాను. తీయలేదు. ఇట్లా అన్నాడు. "మూసుకోవద్దు. నువ్వు పోయి నిలబడి చెప్పు. తన్నులు తినాల్సి వస్తే తిను, కట్టు నేను కడతా. కానీ రేపు ఆ చెడ్డోడి ఊర్లో కలరా వస్తే వాడి వాకిట్లోకి పోయేదానికి ఒక గుడ్డముక్క మిగలాలి కదరా. ఆ గుడ్డ మీద ఎవరి చెయ్యి మరకా పడకూడదు. అంతే నేను అడిగేది."

ఈ మాట సరైనదేనా అని నేను ఇన్నేళ్ళలో చాలాసార్లు అనుకున్నాను. ఇద్దరిలో ఎవరు మేలో ఆయనకు తెలియదని అనుకోను. తెలిసి చెప్పకపోవడం కూడా ఒక బరువే. ఆ బరువు ఆయన మోశాడు, మా మీద పెట్టలేదు.

మూడోరోజున ఆయన అక్క బండి కట్టించుకుని వచ్చింది. ఎత్తైన మనిషి, గొంతు గోడ దాటి వినిపిస్తుంది. తల్లి పోయాక ఆయన్ను పెంచింది ఆమే. ప్రతి వైశాఖంలో గోధుమరంగు జాడీ నిండా మామిడికాయ ఊరగాయ పంపేది. మనవైపు ఎవరి పాత్రా వట్టిదిగా తిప్పి పంపరు. జాడీ ఖాళీ అయ్యాక ఆయన కడిగి, ఆరబెట్టి, అందులో బెల్లపు అచ్చు ఒకటి పెట్టి చైత్రంలో పంపేవాడు. బెల్లం పోయిన జాడీ ఊరగాయతో వచ్చేది. ఊరగాయ జాడీ బెల్లంతో పోయేది. ఇదే ఆ అక్కాతమ్ముళ్ళ ఉత్తరప్రత్యుత్తరం. ఇద్దరికీ చదువు వచ్చు, అయినా ఒక్క కార్డు రాసుకున్నది నేను చూడలేదు.

ఆమె వరండాలో కూర్చుని నీళ్ళు కూడా తాగకుండా అడిగింది. "తమ్ముడూ, నిన్ను నేనేమన్నా మేడలు అడిగినానా? నీ పిల్లోళ్ళను ఒక్క పూట పంపు. మా ఇంటి ముందు నిలబడి వచ్చినోళ్ళకు మజ్జిగ పోసిపోతారు. సంఘమోళ్ళే వచ్చినారంటే జనం నమ్ముతారు."

"అందుకే పంపనక్కా," అన్నాడు.

"అంటే?"

"జనం నమ్ముతారు కాబట్టే."

"మీ బావ నీకు కాని మనిషా?"

"బావకు నేను ఓటు వేస్తా. అది నాది. పిల్లోళ్ళు నావోళ్ళు కాదు."

ఆమె ఇంకా చాలా అంది. పాలు, జోలపాట, తట్టు పోసినప్పుడు మేల్కొన్న పదకొండు రోజులు, అన్నీ చెప్పింది. అందరికీ అడ్డం పెట్టే థర్మామీటరు ఆయన చేతిలోనే ఉంది. అక్క వైపు ఆ చెయ్యి లేవలేదు. చివరికి ఆమె లేచి, "ఓటన్నా వేస్తావా?" అంది.

"వేస్తానంటి కదక్కా."

"అదన్నా మరవద్దు," అని బండెక్కింది.

ఇక్కడి నుంచి చెప్పేది నా తప్పు.

శివరాత్రి పది రోజుల్లో ఉంది. రంగు పోగొట్టి కండువాలు తెల్లగా చేయమని చిన్నాయన నాకు అప్పగించాడు. లెక్కగా ఇరవై ఆరు. "కుంకుడు రసంలో నానబెట్టి ఎండలో వెయ్యి పాపా. ఎండకు పసుపు నిలవదు. నాలుగురోజులు పడుతుంది," అన్నాడు. నాకు పదమూడేళ్ళు. నాలుగురోజుల పని ఒక్కరోజులో చేసి చూపాలని ఆత్రం. చాకలివాళ్ళు చౌడుతో మురికి ఎత్తడం చూశాను కదా, చౌడు తెచ్చి కాగు నీళ్ళలో కలిపాను. అది చాలదని గోడలకు వేసిన సున్నం మిగిలితే దాని తేట కూడా పోశాను. కండువాలు అందులో ముంచాను.

పసుపు మీద సున్నం పడితే ఏమవుతుందో మన దేశంలో ఏ ఆడపిల్లను అడిగినా చెబుతుంది. పారాణి కలపడం నాకు ఎనిమిదో ఏటి నుంచే వచ్చు. పెళ్ళిళ్ళలో గిన్నెలకొద్దీ కలిపినదాన్ని. అయినా ఆ కాగులో చెయ్యి పెట్టేటప్పుడు అది తట్టలేదు. పారాణి వేరు, ఉతుకు వేరు అనుకునే బుద్ధి నాది. గుడ్డలు ఎర్రగా తేలాయి. ఎండితే పోతుందిలే అనుకుని, ఎండ బాగా తగిలేచోట, సంఘం గది ప్రహరీగోడ మీద వరసగా ఆరేసి అన్నానికి పోయాను. ఆ గోడ బజారు వైపు ఉంది. ఆ రోజు సంత.

తిరిగి వచ్చేసరికి గోడ ముందు నలభై మంది దాకా నిలబడి ఉన్నారు. ఇరవై ఆరు కండువాలు కుంకుమలా ఆరుతున్నాయి.

"అనుకుంటిమి. పసుపు కండువాలు విప్పించింది ఇందుకే," అన్నాడు ఒకడు.

"బావ కదప్పా. యాడికి పోతాది రక్తం!"

"ఇంకేం, కంపౌండరు మందు కూడా ఎర్రోళ్ళకే పోస్తాడు!"

చిన్నాయన ఆస్పత్రి నుంచి వచ్చాడు. గోడ వైపు చూశాడు, నా చేతులు చూశాడు. మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఎవరో అడిగారు, ఎవరు చేసినారు ఇది అని. "నేనే ఉడకబెట్టినా. సున్నం పడింది," అన్నాడు. జనం నవ్వారు. కంపౌండరుకు పసుపూ సున్నం కలిస్తే ఏమవుతుందో తెలియదా! ఆయన అబద్ధమాడడం నేను విన్నది అదొక్కసారే. ఎవరూ నమ్మలేదు కూడా.

జనం పోయాక నేను ఏడుస్తూ, చింతపండు పులుసులో ముంచితే ఎరుపు పోతుంది చిన్నాయనా అన్నాను.

"పోయి?"

"మళ్ళీ పసుపు వస్తుంది."

ఆయన గోడకు ఆనుకుని నవ్వాడు. "ఇటు ముంచితే ఆయప్ప, అటు ముంచితే మా బావ. పోనీలే పాపా, ఈ ఏడు మెడలో ఏమీ లేకుండానే పోదాం."

శివరాత్రికి కుర్రాళ్ళు వట్టి మెడలతో నీళ్ళు పోశారు. "గుర్తు లేకుంటే మేమెవరమని ఎట్ల తెలుస్తుంది?" అని పొడుగన్న అడిగితే, "చేతిలో చెంబుంది కదరా," అన్నాడు. ఆ ఏడు శ్రీశైలం నుంచి తిరిగివచ్చిన జనంతో పాటు వాంతిభేదులు కూడా దిగాయి. ఫాల్గుణ శుద్ధ విదియ నాడు దోర్నాల దారిలోని ఒక ఊరి నుంచి కబురు వచ్చింది. ఊరి పేరు రాయను. పసుపు పెట్టె ఆయన సొంత ఊరు అది. నలుగురు పడ్డారు, ఒకరు పోయారు.

మరునాడు పొద్దున్నే రెండు బండ్లలో వెళ్ళాం. ఆడవాళ్ళతో మాట్లాడడానికి నన్నూ ఇంకో పిల్లనూ వెంట తీసుకుపోయాడు. బావిలో కలిపే ఊదా మందు సీసా ఆయన ఒళ్ళో ఉంది. అది కాస్త నీళ్ళలో పడితే చాలు, గులాబీగా మొదలై ఎర్రగా అవుతాయి.

బావి చుట్టూ మగవాళ్ళు నిలబడ్డారు. ఊరిపెద్ద ముసలాయన, చేతిలో కర్ర. "కంపౌండరా, పడినోళ్ళను చూసిపో, దండం పెడతా. బావి జోలికి మాత్రం రావద్దు," అన్నాడు.

"మందు బావికే పెద్దాయనా. రోగం అందులోనే ఉంది."

"మీ బావ మనుషులు మా బావిలో ఏం కలుపుతారో మాకేం తెల్సు? గోడ మీద ఎర్రకండువాలు మావోళ్ళు కండ్లారా చూసి వచ్చినారు. ఇప్పుడు నీళ్ళు కూడా ఎర్రగా చేస్తావా?"

కొందరు నవ్వారు. నేను చేశాను అని చెప్పబోయాను. చిన్నాయన నా భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. చిన్నపిల్ల ఉతుకు కథ చెబితే ఆ మగవాళ్ళు ఇంకా నవ్వుతారని ఆయనకు తెలుసు.

ఆ రోజు మందు కలపనివ్వలేదు. పడ్డవాళ్ళకు ఉప్పునీళ్ళు పట్టి, ఇళ్ళలో నీళ్ళు కాచి తాగమని చెప్పి వచ్చాం. మరునాటికి ఇంకో ఇద్దరు పడ్డారు. అందులో ఒక కోడలు, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, సాయంత్రానికి పోయింది. ఆ ఒక్కరోజును ఏ పద్దులో వేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

చవితి నాడు చిన్నాయన ఒక్కడే ఆ ఊరికి మళ్ళీ పోయాడు. వెంట పోయిన బండివాడు చెప్పిన సంగతి ఇది. ముసలాయన ముందు నిలబడి ఆయన అడిగాడట, "నేను మా బావ మనిషిని కాదని ఎట్ల నమ్ముతారు?"

"ఎట్ల నమ్మేది? ఎల్లుండి పోయి మీ బావ పెట్టెలో ఓటు వేస్తావు."

"వేయను. పోలింగు రోజు పొద్దున పెట్టె తెరిచినప్పటి నుంచి సాయంత్రం మూసేదాకా మీ బావి గట్టు మీద కూర్చుంటా. మీరే కాపలా కాయండి. మందు మాత్రం ఇప్పుడే వేయనియ్యండి."

ముసలాయన కర్ర పక్కకు తీశాడట.

షష్ఠి నాడు పోలింగు. ఊళ్ళన్నీ బండ్లు కట్టుకుని అటు పోతుంటే, చిన్నాయన ఆ ఊరి బావి గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాడు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు వరకు. తోడినవాళ్ళందరికీ ఎన్ని కడవలు తోడారో అడిగి, కాచి తాగమని చెబుతూ ఉన్నాడు. మధ్యాహ్నం ముసలాయన ఇంటి నుంచి సంగటి, పచ్చడి వచ్చాయి. ఆయన తిన్నాడు. తిన్న సంగతి కూడా అక్కకు చేరింది.

ఆ ఊళ్ళో తర్వాత ఎవరూ పోలేదు. ఎర్ర పెట్టె పదకొండు ఓట్లతో ఓడింది. పదకొండు ఓట్ల తేడాలో ఒక ఓటు ఎటు పడినా ఫలితం మారదు. ఇది మూడో తరగతి లెక్క. అక్కకు లెక్కతో పని లేదు. చైత్రంలో ఆయన ఎప్పటిలాగే జాడీ కడిగి, బెల్లపు అచ్చు పెట్టి పంపాడు. వైశాఖంలో జాడీ తిరిగి వచ్చింది. మూత తీస్తే, ఆయన పెట్టిన బెల్లం అచ్చు అట్లాగే ఉంది.

ఆయన ఆ బెల్లం కొట్టి సంఘం పిల్లలకు పంచాడు. నేను తినలేదు. జాడీని ఆస్పత్రి మందుల బీరువా పైన పెట్టుకున్నాడు. మూడేళ్ళు అక్కడే ఉంది. కండువాలు ఆలోగా ఎండకు వెలిసి వెలిసి తెల్లబడ్డాయి, ఆ తర్వాత వాటికి ఏ రంగూ వేయలేదు. "రేపు తెల్ల పెట్టె వస్తే?" అని పొడుగన్న అడిగాడు. "అప్పుడు ఇవి కూడా విప్పుదాం," అన్నాడు.

పదహారో ఏట నాకు పెళ్ళయింది. నన్ను ఇచ్చిన ఊరు ఆ అక్క ఊరే. అత్తగారింట కుదురుకున్న మూడోనెలలో, ధైర్యం చేసి ఆమె ఇంటికి పోయి కండువాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. చౌడు, సున్నపు తేట, ఆరేసిన గోడ, అంతా. ఆమె చేటలో కందులు చెరుగుతూ వింది.

"నువ్వేనా అది?" అంది. చేట ఆపింది. "సంతకు పోయినోళ్ళు వచ్చి చెప్తిరి, మీ తమ్ముడు ఎర్రకండువాలు ఆరేసినాడని. ఆ పూట నేను పాయసం చేసినానే పిల్లా. వాడు నా వైపు వచ్చినాడని. ఒక్కపూట సంతోషపడినా. ఆ ఒక్కపూట నాకు ఇచ్చింది నువ్వన్నమాట." మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఎండాకాలమే మా అత్తగారి ఊళ్ళో కలరా వచ్చింది. మూడోరోజున మార్కాపురం నుంచి బండి వచ్చింది. ముందు చిన్నాయన, ఒళ్ళో ఊదా మందు సీసా. వెనక తెల్లకండువాలతో ఆరుగురు, అందులో పొడుగన్న. నేను కడవతో బావి దగ్గరే ఉన్నాను. మా ఊరు ఎర్ర పెట్టె ఊరు. ఓడిన ఊరు. ఓడినవాళ్ళకు జ్ఞాపకం ఎక్కువ.

"ఎవరి బావి గట్టున కూర్చుంటివో ఆ ఊరికే పో," అన్నాడు ఒకడు. "పసుపోళ్ళ సంగటి తిన్నోడికి మా బావితో ఏం పని?" అన్నాడు ఇంకొకడు. మా మామగారు కూడా ఆ గుంపులోనే ఉన్నాడు. చిన్నాయన సీసా పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఊళ్ళో ఇవ్వడానికి ఓటు ఉంది, ఇచ్చాడు. ఈ ఊళ్ళో ఇవ్వడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. అది ఆయన ముఖంలో కనబడింది.

గుంపు వెనక నుంచి అక్క వచ్చింది. జనం దారి ఇచ్చారు. తమ్ముడి ముఖం వైపు చూడలేదు. బావి గట్టు ఎక్కి, మగవాళ్ళ వైపు తిరిగింది.

"ఎవరి మనిషి అంటారా వీడు? వీడు ఎవరి మనిషీ కాడు. పెంచినదాన్ని, ఆఖరికి నా మనిషి కూడా కాడు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెల్సు? పక్కకు జరగండి. వాడిని వేయనియ్యండి మందు."

ఎవరూ కదల్లేదు. ఆమె సీసా వైపు చెయ్యి చాపింది. చిన్నాయన ఇచ్చాడు. తనే వేసింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. గంటసేపు ఆగాలని ఆయన మెల్లగా చెప్పాడు. ఆమె గట్టు మీదే కూర్చుంది. ఆయన కింద నిలబడ్డాడు. గంట కాగానే ఆమె లేచి మొదటి కడవ తోడుకుని ఇంటికి పోయింది. తర్వాత మా మామగారు తోడాడు.

ఆ వైశాఖంలో నేను పుట్టింటికి పోతుంటే అక్క పిలిచి ఒక జాడీ చేతికి ఇచ్చింది. కొత్తది. బరువు తేలిగ్గా ఉంటే మూత తీసి చూశాను. ఊరగాయ సరిగ్గా సగానికి ఉంది.

"నిండుగా పెట్టలేదేం పెద్దమ్మా?"

"నిండుగా పెడితే అంతా మరిచిపోయినానని అనుకుంటాడు," అంది.

ఆ మాట చిన్నాయనకు చెప్పాను. ఆయన జాడీని కిటికీ వెలుగులోకి జరిపి, లోపలికి చూసి, జేబులోంచి కత్తెర తీశాడు. కాగితం పట్టీ ఒకటి కత్తిరించి, ఊరగాయ ఉన్న చోటి నుంచి మూత దాకా, మందు సీసాకు అంటించినట్టే జాడీకి అంటించాడు. పట్టీకి ఎనిమిది గంట్లు పెట్టాడు. చైత్రంలో బెల్లం పెట్టి, ఆ పట్టీతోనే జాడీని అక్కకు పంపాడు.

మరుసటి ఏడు ఊరగాయ ఒక గంటు పైకి వచ్చింది. ఆ మరుసటి ఏడు ఇంకొకటి. అక్క ఆ పట్టీని ఎన్నడూ చింపలేదు. మాసిపోతే ఆయనే మార్చేవాడు. ఒక్క గంటు ఉందనగా చిన్నాయన పోయాడు. కర్మ నాడు అక్క ఆ జాడీ నాకు ఇచ్చింది.

మొన్న బస్టాండు నుంచి వచ్చాక దాన్ని దించి తుడిచాను. పట్టీ పచ్చబడింది కానీ ఊడలేదు. పై గంటు వరకు ఆ జాడీ ఎన్నడూ నిండలేదు.